నిద్ర లేపే కణాలు

“పారబోసే ముందు ఒక్కసారి చూపించండమ్మా,” అన్నాడు కోళ్ళ షాపాయన.

రోజూ తెచ్చే కోడి రక్తం ట్యూబు ఆయన చేతిలోనే ఉంది. ఆస్పత్రి వెనక ఉన్న చిన్న ల్యాబు అది. కుర్చీ ఖాళీగానే ఉంది గానీ, కూర్చోమన్నవాళ్ళు లేరు.

“ఇక రక్తం అక్కర్లేదని నిన్ననే చెప్పాం కదా బాబాయ్,” అన్నాడు టెక్నీషియన్. “ఖాతా పోయిందని బెంగా?”

“చెంచాడు రక్తం అమ్మి మేడలు కడతానా నేను? చూసి పోతాను.”

డాక్టరమ్మ కణాలు పెంచే సీసాను మైక్రోస్కోపు కింద పెట్టింది. ఫ్రీజరులో దాచినవన్నీ పొద్దున్నే పారేశారు. కొత్త ప్రాజెక్టుకు చోటు కావాలట. మిగిలింది ఈ సీసా ఒక్కటే. పక్కన బ్లీచింగ్ నీళ్ళ బకెట్ సిద్ధంగా ఉంది.

ఆయన ఒక కన్ను మూసుకుని వంగాడు.

“పెద్దవి మనిషి కణాలు,” అంది డాక్టరమ్మ. “ ఒక్కోదాన్లో రెండు గుండ్రాలున్నాయా? పెద్దది దాని సొంత కేంద్రకం, చిన్నది మీ కోడిది. రెండు కణాల్నీ మేమే కలిపాం.”

“చిన్నది నల్లగా చుక్కలా ఉంది.”

“కోడి రక్తంలో అలాగే ఉంటుంది. జన్యువులుండే దారం, క్రొమాటిన్ అంటాం, ఉండలా బిగుసుకుపోయి ఏ పనీ చెయ్యదు. చచ్చినట్టు పడుంటుంది.”

“పక్కదాన్లో ఉబ్బిందేమిటమ్మా?”

“అన్నీ నిన్న కలిపినవే, అది కాస్త ముందుంది. మనిషి కణంలోని ప్రొటీన్లు లోపలికెళ్ళి ఆ దారాన్ని వదులు చేస్తాయి. అది మేలుకుని మళ్ళీ పని మొదలెడుతుంది.”

“అంటే ఇవి పక్కన ఎవర్నీ పడుకోనివ్వవన్నమాట.”

టెక్నీషియన్ పకపకా నవ్వాడు. ఆయన నవ్వలేదు. అద్దం మీంచి కన్నూ తియ్యలేదు.

“లే బాబాయ్, మేం భోజనానికి పోవాలి.”

“ఉంచెయ్యండమ్మా దీన్ని. రక్తం ఊరికే ఇస్తాను.”

“రక్తం గురించి కాదండీ. చోటు లేదు.”

“మా షాపులో పెద్ద ఫ్రీజరుంది. సగం ఖాళీ చేస్తా.”

“కోడికాళ్ళ పక్కనా?” అన్నాడు టెక్నీషియన్.

డాక్టరమ్మ సీసా తీసుకుంది. మూత సగం తిప్పి ఆగింది.

“నాకూ మనసొప్పట్లేదు. ఈ ఆస్పత్రిలో కోసి తీసిన క్యాన్సర్ గడ్డల్లో, సీసాలో పెడితే బతికింది ఇదొక్కటే. కానీ పారెయ్యకుండా ఉంచాలంటే పెద్దసారుకు ఏదో కారణం చెప్పాలి. ఏమని చెప్పను? ఈ కణాలు ఎప్పుడో చనిపోయినావిడవి. ఎవరో ఏమిటో మాకే తెలీదు.”

“ఆ గడ్డ సీసాలో బతికిందని అప్పటి డాక్టరు నాకు చెప్పాడు. మా ఆవిడేనమ్మా.”