ఓ ఇంటివాడు

ఆఫీసులో అతన్ని వెనకాల ‘ఫ్రీగారు’ అంటారు. పక్కవాడి పెన్నుతో సంతకం, పక్కవాడి ఫ్లాస్కులో టీ, అక్క పాస్‌వర్డ్‌తో సినిమాలు. నలభై దాటినా అద్దె ఇంట్లో ఒక్కడే ఉంటాడు. పెళ్లంటే ఖర్చట!

ఆ రాత్రి వీధి సద్దుమణిగాక టీవీ పెడితే, ఒకే ఇంటివాళ్లు తప్ప ఇంకెవరూ ఆ పాస్‌వర్డ్ వాడకూడదని తెర మీద వచ్చింది.

“ముష్టి వెధవలు!” అని కంపెనీని తిట్టాడు, ముష్టి తనదని తోచకుండానే. కోడ్ కావాలని నొక్కాడు.

‘కోడ్‌ను మీ ఇంట్లో ఉన్న రెండో వ్యక్తికి పంపాం’ అని వచ్చింది.

వెంటనే అక్కకు ఫోన్ చేశాడు. “అక్కా, నీకు కోడ్ వచ్చుంటుంది, చెప్పు.”

“నాకేం రాలేదురా. అయినా అది ఇంటివాళ్లకేనట కదా. నువ్వెప్పుడు ఓ ఇంటివాడివవుతావో ఏమో!” అని ఆవలిస్తూ పెట్టేసింది.

అప్పుడు చీకటిగా ఉన్న పడగ్గదిలో ఫోన్ టింగుమంది. అతని ఫోన్ చేతిలోనే ఉంది.

తర్వాత మంచం కిర్రుమంది. లోపల ఎవరో తాపీగా ఒక్కో అంకె చదవసాగారు.

మనిషన్నవాడైతే తలుపు తీసుకుని పరిగెత్తేవాడు. ఫ్రీగారు చెమటలు కక్కుతూనే రిమోట్ అందుకున్నాడు. ఊరికే వచ్చేది వదులుకోవడం అతని ఒంట్లోనే లేదు. అతను ఒక్కో అంకె నొక్కేకొద్దీ గొంతు దగ్గరైంది. ఆఖరి అంకె చెవిలోనే వినిపించింది. నొక్కాడు. సినిమా మొదలైంది.

“ఇన్నాళ్లకి ఓ ఇంటివాడివయ్యావు,” అంది గొంతు.

సోఫాలో అతని పక్క సీటు మెల్లగా కుంగింది.