పుట్ట గోడకు పెళ్లి దీపాలు

తొలకరి పడిన సాయంత్రం పుట్టలో ఉసిళ్ల పెళ్లి ప్రయాణం మొదలైంది. వాటిని సాకిన ముసలి చెదపురుగు గుమ్మం దగ్గర నిలబడింది. పని చేసే చెదలన్నింటిలాగే అదీ పుట్టుగుడ్డిది.

"అవ్వా, మన గోడ నిండా పచ్చటి దీపాలు. మా పెళ్లికే పెట్టారు," అంది చిన్న ఉసిలి.

"మేమంతా గుడ్డివాళ్లమే కదే. దీపాలు పెట్టిందెవరు?"

"చూడలేవు గనక అడుగుతున్నావు," అని నవ్వి, ఉసిలి ఎగిరిపోయింది.

మరుక్షణం గోడ మీద ఏదో నమిలిన చప్పుడైంది. ముసలిది తడుముకుంటూ అక్కడికి పాకింది. దీపానికి వేడి లేదు. మీసాలకు తడి దవడలు తగిలాయి. గోడ కన్నంలో కాపురమున్న వెలుగు పురుగు పిల్ల అది.

"నువ్వు పెంచినవేనా అవ్వా?" అందది మెల్లగా. "మెత్తగా పెంచావు. కాస్త పక్కకు జరుగు, ఇంకా వస్తున్నాయి."

ముసలిది వెనక్కి పరుగెత్తి గుమ్మానికి అడ్డంగా పడుకుంది.

"వెళ్లకండే, అవి నోళ్లు," అని బతిమాలింది.

"లేవవ్వా, దీపాలు ఆరిపోతాయి," అంటూ ఉసిళ్లు దాని వీపు తొక్కుకుంటూ సాగిపోయాయి. గుడ్డిదాని మాట వినడానికి కళ్లున్నవాటికి తీరిక లేకపోయింది.