గంగమ్మ కోపం

గొట్టంలోంచి మళ్లీ దుమ్మే లేచింది. బోరు వేస్తున్న మేస్త్రీ మిషను ఆపేసి, "ఇంక నీళ్లు రావమ్మా, అంతా రాతిపొడే" అన్నాడు.

నగరంలోని బ్రూక్‌ఫీల్డ్‌లో కొత్తగా కడుతున్న ఆ మేడకు కాపలా ఉంటున్న సుంకమ్మ, గంగపూజకు తెచ్చిన పసుపు కుంకుమలతో అట్లాగే నిలబడిపోయింది. నీళ్లు పడకపోతే పని ఆగిపోతుంది. మళ్లీ మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

"గంగమ్మకు కోపమొచ్చిండాది. ఇంకో టెంకాయ కొట్టు," అన్నాడు మొగుడు చెన్నయ్య.

"ఊర్లో బావి ఎండినప్పుడూ ఇదే మాటంటివి. కోడిని కోసినాం, పొంగలి పెట్టినాం. ఆయమ్మ కోపం తీరలేదని ఊరే ఇడిసి వచ్చినాం."

"దేవతకు కోపమొస్తే మనమేం చేస్తాం?"

"నీళ్లే గదయ్యా గంగమ్మంటే. నీళ్లే లేకుంటే ఇంక కోపం ఎవురికి?"

ఆ మాట అనేసి తనే ఉలిక్కిపడింది సుంకమ్మ. వంగి బోరు గుంతకు చెవి ఆనించింది. లోపల ఏ అలికిడీ లేదు.

పసుపు కుంకుమ పక్కన పెట్టి, గుడిసెలోని బిందెలోంచి గ్లాసుతో ట్యాంకరు నీళ్లు ముంచుకొచ్చింది.

"ఏమే, తాగేదానికి అవే ఉండాయి! బోరులో పోస్తే నీళ్లొస్తాయా?"

"వచ్చేదానికి కాదు."

వేళ్ల మీదుగా ఒక్కొక్క చుక్కే లోపలికి వదిలింది.

"మా అమ్మకు కూడా ఆఖర్న ఇట్లే పోసినాం. మింగలేదు."

చెన్నయ్య తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు.