మద్రాసు పరీక్ష

"లైట్‌హౌసు ఎక్కినావా?" అన్నాడు ధనంజయ.

"లేదు," అన్నాడు పెళ్లికొడుకు జయరామ్.

"పోనీ, కోట?"

"బస్సులోనించి గోడ కనపడతాది. లోపలికి పోలేదు."

ధనంజయ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. తండ్రి లేని అక్క కూతురు పంకజాక్షికి సంబంధం చూడవలసింది అతనే. ఏడేళ్లుగా మద్రాసు హార్బరులో గుమాస్తాననీ, రాయపురంలో కాపురమనీ చెప్పి, తల్లిని వెంటబెట్టుకుని పాకాల వచ్చిన ఈ మనిషి నిజంగా అక్కడివాడేనా అన్నది తేల్చవలసిందీ అతనే. పొరబాటు పడితే పిల్ల బతుకు పోతుంది.

"మన చంద్రగిరి రాజు చోటిస్తే దొరలు కట్టుకున్న కోటప్పా అది. మూడొందల ఏండ్ల పైమాట. అప్పుడు ఆడ ఏముండె? ఇసకా, నాలుగు చేపలోళ్ల గుడిసెలూ. మనోళ్లిచ్చిన ఊరు నీ కంటికి ఆనలేదా? సచ్చిన కాలేజీ అన్నా సూసినావా?"

"అదేంది?"

"మ్యూజియమప్పా. బతికిన కాలేజీ అంటే జూ. ఆ తిమింగలం ఎముకలు సూసొచ్చి మావోళ్లు రెండు దినాలు చేపల కూర ముట్టలేదు."

"వాడికి ఆదివారం గూడా డ్యూటీనే నాయనా," అంది జయరామ్ తల్లి వరదమ్మ.

"ఏడేండ్లు ఆడుండి పద్నాలుగు అంతస్తుల మేడ ఎక్కనోడు యాడన్నా ఉంటాడామ్మా?"

"ఎక్కితే జీతమిస్తారా?"

ధనంజయ మద్రాసులో ఉన్నది నాలుగు రోజులు. వాటిని పన్నెండేళ్లుగా చెబుతున్నాడు. చెప్పినకొద్దీ అవి పెరిగాయి. వాటి పక్కన ఎదుటివాడి ఏడేళ్లు ఖాళీ గోతాంలా కూలబడ్డాయి.

"సరే, కబురు చెప్పి పంపిస్తాం," అంటూ లేచాడు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. వరదమ్మ కొంగు సర్దుకుంది.

"మామా, నేనొకటి అడగతా." తలుపు పక్కనుంచి పంకజాక్షి గొంతు. "మీ వీధిలో నీళ్లు ఎప్పుడొస్తాయి?"

జయరామ్ మొదటిసారి తలెత్తాడు.

"దినం మార్చి దినం. తెల్లారి నాలుగుకు. మూడుకే పోయి పంపు కాడ బిందెలు వరసలో పెట్టాల. ముందు బిందె ఎప్పుడూ మేడింటామెది, తియ్యమంటే తియ్యదు. పంపు కొట్టి కొట్టి భుజం పడిపోతాది. ఎనిమిది బిందెలన్నా తేవాల. ఐదున్నర దాటితే గాలే. బావి ఉండాది గానీ ఉప్పు నీళ్లు, పప్పుడకదు. ఇన్నాళ్లూ మా వదిన పట్టేది. వాళ్లు వేరే పోయినారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, చేతకాదు. అమ్మతో ఒకపక్క, మేడింటామెతో ఒకపక్క..." ఇంకా చెప్పబోయి, అందరూ తననే చూస్తున్నారని ఆగిపోయాడు.

ధనంజయ మెల్లగా కూర్చున్నాడు. తాను దిగిన లాడ్జీలో పొద్దున లేచేసరికి బకెట్టు నిండి ఉండేది. ఎవరు నింపారో ఏనాడూ అడగలేదు. ఆ వీధి పంపు ఏ నాలుగు రోజుల్లోనూ కనిపించేది కాదు. ఓడిపోవడం ఇంత తేలికని అతనికి ఇంతవరకు తెలియదు.

"అక్కా, ఈయన మద్రాసోడే," అన్నాడు లోపలికి వినపడేలా. "ఇది పుస్తకం సదివి చెప్పే మాట కాదు. లైట్‌హౌసెక్కి ఏం లాభం? ఈ పాప అడిగిన ప్రశ్న నాకు తట్టలేదు సూడు."

వరదమ్మ ముఖం విప్పారింది. జయరామ్ చల్లారిన కాఫీ అందుకున్నాడు.

"నిజం తేలిపోయె. ఇంక మాట్లాడేదేముండాది?" అన్నాడు ధనంజయ నవ్వుతూ. "ఏమ్మా, తాంబూలాలు ఎప్పుడు పెట్టుకుందాం?"

"నిజమే చెప్పినాడు మామా," అంది పంకజాక్షి. "అందుకే వద్దంటా ఉండాను."