ఈశాన్యం మూల

2013 ఆగస్టు 8, గురువారం. నాన్న ఒక మనిషిని కొట్టడం ఇవాళ పొద్దున మొదటిసారి చూశాను.

షామ్‌బర్గ్‌లో మా కొత్త ఇంటికి ఇంకా నేల పోయలేదు. కింది నుంచి చలి ఎక్కకుండా మట్టి మీద ఫోమ్ షీట్లు పరవాలని ఎనర్జీ రూలు. ఈశాన్యం మూలలో జానెడు ముక్క కోసేసి ఉందని ఇన్‌స్పెక్టర్ ఫెయిల్ చేసి వెళ్లిపోయాడు.

నాన్న తిన్నగా వెళ్లి, షీట్లు పరిచిన పనివాడు యానెక్ ముందు నిలబడ్డాడు.

"హూ కట్ దిస్?"

"నాట్ మి, సర్."

నాన్న పక్కనున్న కర్ర తీసి అతని మొహం మీద కొట్టాడు. యానెక్ పడిపోయాక కూడా ఆపలేదు. నీలం షీటు మీద నెత్తురు కారింది. ఒక పన్ను ఊడి నా చెప్పు దగ్గర పడింది.

బిల్డర్ పరుగున వచ్చి నాన్నని పట్టుకున్నాడు. సంగతి విని యానెక్‌నే పనిలోంచి తీసేశాడు.

"వాడికి ఈ దేశంలో ఉండడానికి పేపర్స్ లేవు, పోలీసుల్ని పిలవడులే," అన్నాడు నాన్న కార్‌లో, చెయ్యి తుడుచుకుంటూ. అమ్మ ముందుసీట్లోంచి నా వైపు తిరిగి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

నిన్న పనివాళ్లు లంచ్‌కి వెళ్లినప్పుడు ఆ ముక్క కోసింది నేనే. ఇంటికి మంచిదని ఈశాన్యంలో పాతే నవధాన్యాల చెంబుకి, భూమికి మధ్య ఏదీ అడ్డం ఉండకూడదని అమ్మ అంది. నాన్న ఒప్పుకోడని చెప్పకుండానే పాతిపెట్టాం.

సాయంత్రం కొత్త ముక్క అతికించి పాస్ చేయించారు. రేపు పొద్దున ఎనిమిదింటికి కాంక్రీటు లారీ వస్తుంది. అది రాకముందే ఆ ముక్క మళ్లీ కోస్తాను. బిల్డర్ చూస్తుండగా చెంబు తవ్వి తీసి, యానెక్‌ని కొట్టిన చేతిలోనే పెడతాను.