మూడో నియమం

ఫ్యాను రెండులో పెట్టాలా మూడులో పెట్టాలా అని పెళ్లాన్ని అడిగే మనిషిని పట్టుకెళ్లి, బడి తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు.

ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో దగ్గినా తీర్మానం చదివినట్టే ఉందని ఆవిడ గోల.

సమావేశం ఐదో తరగతి గదిలో. పెద్దవాళ్లంతా పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నారు.

"ఆటస్థలానికి కొత్త జారుడుబల్ల. దాని మీద 'తల్లిదండ్రుల సంఘం కానుక' అని పెద్ద అక్షరాలు!" అన్నాడు అధ్యక్షుడు.

చప్పట్లు.

చివరి బెంచీలోంచి ఒక పెద్దావిడ లేచింది. భుజాన ఉన్న గుడ్డసంచిలో ఏదో ఇనుము గలగలమంది.

"కొత్తది తర్వాత కొందురుగాని బాబూ. ఉయ్యాల బోల్టులు ఊరికే వదులైపోతున్నాయి. వారం వారం వచ్చి బిగించే మనిషిని పెట్టి, జీతం ఇవ్వండి."

"మీ పిల్లలు ఏ క్లాసండీ?"

"ఇప్పుడెవరూ లేరు. చదువులైపోయి వెళ్లిపోయారు."

గదిలో గుసగుసలు.

"తెల్లారేసరికి ఉయ్యాల దగ్గర తచ్చాడేది ఈవిడేనండీ!" అంది టైలరమ్మ. "చేతిలో పానా కూడా చూశాను. ఆ బోల్టులు వదులు చేసేది ఎవరో ఇక చెప్పాలా?"

పెద్దావిడ సంచిని గట్టిగా పట్టుకుంది.

అధ్యక్షుడు నియమాల పుస్తకం తెరిచాడు.

"మూడో నియమం. సంఘం వస్తువులే కొంటుంది, ఎవరికీ జీతాలివ్వదు. జీతం మీద పేరు రాయించుకోలేం కదండీ! ఇది రాసినవాళ్లు మనకంటే తెలివైనవాళ్లు."

"అంత తెలివేం కాదు లెండి," అంది పెద్దావిడ.

ఆయన మొహం ఎర్రబడింది.

"రేపట్నుంచి ఈవిడని గేటు దాటనివ్వకండి!"

ఇంటికొస్తూ భార్య అంది. "పోనీ, ఒక్కసారి ఆ ఉయ్యాల ఎవరికైనా చూపిద్దామండీ."

"నియమం నియమమే."

ఫ్యాను సంగతి ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

నెల తిరిగేసరికి జారుడుబల్ల వచ్చింది. ఎక్కడానికి బారెడు వరస. వరసలో నిలబడలేని ఒక పాప వెళ్లి ఉయ్యాలెక్కింది.

గొలుసు పైనుంచి ఊడి వచ్చింది.

పాప చెయ్యి రెండు చోట్ల విరిగింది. అధ్యక్షుడి కూతురే.

ఆసుపత్రి బెంచీ మీద బడి ఆయా కళ్లు తుడుచుకుంటూ అంది. "ఆవిడ వచ్చినన్నాళ్లూ ఇట్లా కాలేదమ్మా. ఎనిమిదేళ్లు! రోజూ బడి తెరవకముందే వచ్చి, ఒక్కో బోల్టూ బిగించి వెళ్లేది. ఒక్క పైసా అడిగింది లేదు."

భార్య మొగుడి వైపు చూసింది. ఆయన చెప్పులేసుకున్నాడు. ఆవిడా వెంట బయల్దేరింది.

పెద్దావిడ తలుపు తీసింది.

"పాపకెలా ఉంది బాబూ?"

"కట్టు కట్టారమ్మా. మీరు చెబుతూనే ఉన్నారు... కానీ నన్నేం చెయ్యమంటారు? ఆ మూడో నియమం ఉంది కదా..."

"ఏమండీ!" అంది భార్య.

పెద్దావిడ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. గోడకి తగిలించిన గుడ్డసంచి వైపు కాసేపు చూసింది.

"ఆ రోజు అంతమందిలో నోరు పెగల్లేదు బాబూ. ఆ ఉయ్యాల కొన్న మొదటి అధ్యక్షురాలిని నేనే, ఆ నియమం రాసిందీ నేనే... తప్పు నాదే."