ఎలుకల తుపాకి

లక్ష్మీరాజం కాలికి చిన్న గాయం కావాలి. అంతే. చంపడానికి కమలాకర్ అంత దుర్మార్గుడేం కాదు. ముకద్దం లక్ష్మీరాజం నెలరోజులు మంచమెక్కితే, కూలీలందరి మీదా పెత్తనం చేసే ఆ పదవి తన ఒళ్లో వచ్చి పడుతుంది.

"గాలి తుపాకేనాయె. తగిలితే ఏమైతది, చీమ కుట్టినట్టుంటది," అన్నాడు కమలాకర్ మాస్కు గడ్డం కిందికి లాగి.

పక్క మరమగ్గం, అంటే సాంచా, నడిపే ఓంప్రకాష్ కూడా మాస్కు దించాడు. "పోలీసులొస్తే?"

"సాఫ్ చేస్తుంటే పేలిందని చెప్త. పేపర్ల రోజూ వస్తలేవా గిట్లాంటియి?"

కుట్ర పన్నడానికి సూరత్‌లో మరమగ్గాల కార్ఖానాను మించిన చోటు లేదు. సాంచాలన్నీ ఒకేసారి ఆడుతుంటే పిడుగు పడ్డా తెలియదు. గోడలకు చెవులుంటాయంటారు గానీ, ఈ గోడల చెవులు ఎప్పుడో చిల్లులు పడ్డాయి.

ఆ తుపాకి వచ్చింది ఎలుకల కోసం. లాక్‌డౌన్‌లో కూలీలంతా ఊళ్లకు పోయారు. ఎలుకలు మాత్రం నూలు కండెల మధ్య సంసారాలు పెట్టాయి. కార్ఖానా తెరిచేసరికి వాటికి మనవలు కూడా పుట్టారు. సేఠ్ ఒక గాలి తుపాకి కొని ముకద్దం చేతికిచ్చాడు. లక్ష్మీరాజం దాన్ని ఎప్పుడూ గొట్టం నేలవైపే పెట్టి పట్టుకునేవాడు. "ఖాళీగున్నా సరే, మనిషి దిక్కు చూపెట్టొద్దు," అని చెప్పిందే చెప్పేవాడు. ఎలుకల తుపాకికి ఇంత భయభక్తులా అని కమలాకర్ నవ్వుకునేవాడు.

మర్నాడు పొద్దున్నే కమలాకర్ గోదాములోకి జారుకున్నాడు. తుపాకి మడిచి, సీసపు గుండు పెట్టి, బిగించి, బస్తాల వెనక దాచాడు.

ఆ రోజు కార్ఖానాలో అందరికీ అతని మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. బయట చాయ్ తాగుతుంటే కండెలు చుట్టే వెంకటవ్వ పక్కకొచ్చి నిలబడింది.

"పానం మంచిగ లేనట్టున్నది బిడ్డా. ఇయ్యాల ఇంటికి పోయి పండుకోరాదు?"

తోటి పనివాడు నర్సింగమైతే ఏకంగా భుజం మీద చెయ్యేశాడు. "ఊర్ల అనురాధ వదినె మంచిగున్నదా? పిల్లలు గుర్తుకొస్తున్నరా?" అని అడిగి, జవాబు వినకుండా కళ్లలోకే చూశాడు.

కాబోయే ముకద్దాన్ని అప్పుడే కాకా పడుతున్నారని కమలాకర్ పొంగిపోయాడు. లోపలికొచ్చి చూస్తే తుపాకి పెట్టినచోటే ఉంది.

మధ్యాహ్నం లక్ష్మీరాజం స్టూలు మీద కూర్చుని నేసిన బట్ట చూసుకుంటున్నాడు. కమలాకర్ ఎదురుగా చేరి, పాత గుడ్డతో తుపాకి తుడవడం మొదలుపెట్టాడు. గొట్టం మెల్లగా జరిగి జరిగి లక్ష్మీరాజం తొడ దగ్గర ఆగింది. వేలు బిగిసింది.

సరిగ్గా అప్పుడే లక్ష్మీరాజం కిందపడ్డ కండె కోసం వంగాడు. తొడ ఉండాల్సిన చోటికి ముఖం వచ్చింది. వేలు ఆగలేదు. చేతిలో తుపాకి అదిరింది.

కమలాకర్ కళ్లు మూసుకున్నాడు. కాలు కాదు, కన్ను! ఇద్దరు పిల్లల తండ్రిని గుడ్డివాణ్ని చేశాడు. ఇంక పదవీ లేదు, పాడూ లేదు. దేవుడా, ఈ ఒక్కసారికి వెనక్కి తిప్పు అని మొక్కుకున్నాడు.

కళ్లు తెరిస్తే లక్ష్మీరాజం రెండు కళ్లతో తననే చూస్తున్నాడు. అతని అరచేతిలో సీసపు గుండు ఉంది. ముకద్దం చెయ్యెత్తి సైగ చేశాడు. సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పనివాళ్లంతా ఎక్కడివాళ్లక్కడే నిలబడి ఇటే చూస్తున్నారు.

"నువ్వు చాయ్‌కి పోయినప్పుడే తీసిన," అన్నాడు లక్ష్మీరాజం. "మనసు మార్చుకుంటవేమో అని ఆఖరి దాంక సూసిన. కాలికి పెట్టిన గురి యాడికొచ్చిందో సూసినవా? తుపాకికి కాలేందో కన్నేందో తెల్వదురా."

కమలాకర్ తుపాకి కింద పెట్టేశాడు. ఓంప్రకాష్ వైపు తిరిగాడు.

"నువ్వే చెప్పినవ్ గదరా!"

"అమ్మతోడు, నేను ఎవ్వరికీ చెప్పలే!"

"మరి గంత మోతల మన మాటలు ఎవరిన్నరు?"

ఆ చివరనున్న వెంకటవ్వ మాస్కు కిందికి లాగింది. గొంతు విప్పలేదు, పెదవులు మాత్రమే కదిలించింది. ఇన్నేళ్లుగా ఆ మోతలో అందరూ ఒకరి మాట ఒకరు ఎలా చదువుకుంటున్నారో, అలాగే కమలాకర్ కూడా ఆమె మాటను అంత దూరం నుంచీ చదివేశాడు:

"నిన్న మీరిద్దరు మాస్కులు దించి మాట్లాడుకుంటిరి గద కొడుకా, కార్ఖానా మొత్తం సూసినం."